నీతికి గిరాకీ

1964లో అమెరికాలో ఒక కార్ల కంపెనీ పత్రికల్లో ఒక ప్రకటన వేయించింది. కంపెనీ పేరు అమెరికన్ మోటార్స్, కారు పేరు రాంబ్లర్. మా కార్లను పందాల్లోకి ఎందుకు దించటం లేదని ఆ ప్రకటన తనను తానే ప్రశ్నించుకుని, జవాబు కూడా తానే చెప్పింది: రాంబ్లర్‌కు పట్టింపు ఉన్న రేసు ఒక్కటే, అది మానవ రేసు అని. ఇంగ్లీషులో రేసు అనే మాటకు పందెమనీ అర్థమున్నది, జాతి అనీ అర్థమున్నది. తెలుగులో ఈ శ్లేష నిలవదు గనక భావం చెప్పుకోవాలి. పందెపు గెలుపులు మాకెందుకు, మనుషుల మేలు చాలు అని కంపెనీ అన్నదన్న మాట.

1969లో అదే కంపెనీ అదే రాంబ్లర్ పేరుతో మరొక కారు అమ్మింది. హర్‌స్ట్ అనే విడిభాగాల కంపెనీతో కలిసి తయారు చేసిన ఈ కారులో 6.4 లీటర్ల ఇంజను పెట్టారు. ఎరుపు, తెలుపు, నీలం రంగులు పూశారు. ఇంజను మూతమీద గాలి పీల్చుకునే పెద్ద తొట్టి పెట్టి, గాలి ఇటునుంచి పోతుందని చూపించటానికి ఒక బాణం గీసి, ‘ఎయిర్’ అని అక్షరాలు కూడా రాశారు. పావుమైలు దూరాన్ని 14.3 సెకన్లలో దాటే రాంబ్లర్ అని దాని ప్రకటన. ఇట్లాంటివి 1,512 తయారు చేశారు.

ఈ రెండు ప్రకటనలనూ నేను క్లాసులో పక్కపక్కన పెట్టి చూపించాను. అందరూ నవ్వారు. నాకు కావలసింది కూడా అదే. కాని ఒక అమ్మాయి నవ్వలేదు. ‘‘అయితే మాస్టారూ, మొదట చెప్పింది అబద్ధమా?’’ అని అడిగింది. నేను తడుముకోకుండా, అబద్ధమే అన్నాను. ఇంటికి చేరేసరికి ఆ జవాబు తప్పని నాకే తోచింది. తప్పు ఎక్కడున్నదో తేల్చుకోవటానికే ఈ వ్యాసం.

పెట్టుబడిదారు ఏ ఎండకా గొడుగు పడతాడు, ఇందులో వింత ఏమున్నది, అని మన మిత్రులు చాలామంది అంటారు. నిజమే, వింత లేదు. కాని ఆ మాటతో ఆగిపోతే ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు రాదు. గొడుగు సంగతి ఆమె అడగలేదు. వాక్యం సంగతి అడిగింది.

కాబట్టి ఆ కంపెనీ కథ కొంచెం చూడాలి. 1954లో నాష్-కెల్వినేటర్, హడ్సన్ అనే రెండు కంపెనీలు కలిసి అమెరికన్ మోటార్స్ అయింది. నాష్ వారు కార్లతోపాటు రిఫ్రిజిరేటర్లు కూడా చేసేవారు. హడ్సన్ వారు పందాల్లో మొనగాళ్లు. 1952లో నాస్కార్ పెద్ద పందాలు 34 జరిగితే 27 హడ్సన్ హార్నెట్ కార్లే గెలిచాయి. పందెగాళ్లకు కావలసిన గట్టి భాగాలను కంపెనీ తన అమ్మకందార్ల ద్వారానే అమ్మేది. అయితే వాటిని పందెపు సామాను అనేది కాదు, ‘కఠిన వినియోగం’ కోసం ఉద్దేశించినవి అనేది. ఆదివారం పందెం గెలిస్తే సోమవారం కార్లు అమ్ముడుపోతాయని అమెరికా కార్ల వ్యాపారంలో ఒక నానుడి ఉన్నది. హడ్సన్ ఎన్ని ఆదివారాలు గెలిచినా సోమవారాలు దానికి కలిసిరాలేదు. కొత్త నమూనాలు చేసే డబ్బు లేక, గెలుస్తూ గెలుస్తూనే ఇంకొక కంపెనీలో కలిసిపోయింది.

అంటే మానవజాతి మేలు తప్ప పందాలు ఎరగనన్న కంపెనీ ఒంట్లో సగం నెత్తురు పందెపు నెత్తురే. ఆ మాటకొస్తే 1957లో ఆ కంపెనీయే రాంబ్లర్ రెబెల్ అని చిన్న కారులో పెద్ద ఇంజను పెట్టి 1,500 కార్లు అమ్మింది. అప్పట్లో అమెరికా కార్లలో దాన్ని మించి పరుగెత్తేవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

1955లో ఫ్రాన్సులో లె మాన్ పందెంలో ఒక కారు జనం మీదికి దూసుకుపోయి 80 మందికి పైగా ప్రేక్షకులు చచ్చిపోయారు. వేగాన్ని గురించి అమెరికాలో కూడా విమర్శ పెరిగింది. 1957 జూన్‌లో కార్ల తయారీదార్ల సంఘం ఒక తీర్మానం చేసింది: కంపెనీలు పందాల్లో పాల్గొనరాదు, ప్రకటనల్లో వేగాన్ని పొగడరాదు అని. పెద్ద కంపెనీలు ముందుగుమ్మంలోంచి బయటికి వచ్చి పెరటిగుమ్మంలోంచి మళ్లీ లోపలికి పోయాయి. పోలీసు కార్లకు, బరువు పనులకు అని చెప్పి గట్టి భాగాలు తయారు చేస్తూనే ఉన్నాయి, వాటిని పందెగాళ్లు కొనుక్కుంటూనే ఉన్నారు. 1962 జూన్‌లో రెండవ హెన్రీ ఫోర్డు ఇక ఈ తీర్మానం మాకు వర్తించదని బాహాటంగా చెప్పేశాడు. ఒక విధంగా ఆయనే నిజాయితీపరుడు.

ఆ కాలంలో అమెరికన్ మోటార్స్‌కు అధిపతి జార్జి రామ్నీ. ఈయన్ను కపటి అనటానికి నాకు మనసొప్పదు. పెద్ద కార్లను పెట్రోలు తాగే రాక్షసి బల్లులని వెక్కిరించి, చిన్న కారు, పొదుపు కారు అని దేశమంతా తిరిగి ప్రచారం చేశాడు. 1958లో సెనేట్ సంఘం ముందుకు పోయి, జనరల్ మోటార్స్‌నూ ఫోర్డునూ ముక్కలు చెయ్యాలని వాదించాడు. 1961లో ఆ కంపెనీ కార్మిక సంఘంతో లాభాల్లో వాటా ఇచ్చే ఒప్పందం చేసుకున్నది. అమెరికా కార్ల పరిశ్రమలో అట్లాంటిది అదే మొదలు. 1958లో దేశమంతా మాంద్యంలో ఉంటే రాంబ్లర్ అమ్మకాలు పెరిగాయి. 1961లో రాంబ్లర్ దేశంలో మూడవ స్థానానికి వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న వస్తువును గురించి చెప్పాలి. నా దృష్టిలో ఈ వ్యవహారమంతటికీ కీలకం అదే. అప్పటి కార్లలో బ్రేకు మీద కాలు వేస్తే ఒక సిలిండరులోని ద్రవం ఒత్తిడికి లోనై, గొట్టాల ద్వారా నాలుగు చక్రాలకూ పోయి బ్రేకులు పట్టేవి. సిలిండరు ఒక్కటే. ఎక్కడ ఒక గొట్టం పగిలినా ద్రవం కారిపోయి నాలుగు చక్రాలకూ బ్రేకు పోయేది. 1962 నమూనాలో రాంబ్లర్ కార్లన్నిటికీ ఈ సిలిండరును రెండు గదులుగా చేశారు. ముందు చక్రాలది ఒకటి, వెనక చక్రాలది ఒకటి. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. అప్పట్లో అమెరికా కార్లలో ఈ ఏర్పాటు రాంబ్లర్‌కు కాక కాడిలాక్‌కు మాత్రమే ఉండేది. కాడిలాక్ ధనవంతుల కారు, రాంబ్లర్ బడిపంతుళ్ల కారు.

ఈ బ్రేకు అబద్ధం కాదు. ఆ రెండో గది వల్ల బతికినవాడికి దాన్ని పెట్టినవాడి ఉద్దేశంతో నిమిత్తం లేదు. కనక 1964 నాటి వాక్యం అబద్ధమని నేను క్లాసులో అన్నది తప్పు. ఆ వాక్యానికి ఇనుముతో చేసిన సాక్ష్యమున్నది.

మరి ఏమైంది? రామ్నీ మిచిగన్ గవర్నరు పదవికి పోటీ చెయ్యటానికి 1962లో కంపెనీని వదిలేశాడు. ఆయన పోవటం వల్ల నీతి పోయిందనుకుంటే పొరపాటు. పందాలు మాకు పట్టవన్న ప్రకటన ఆయన పోయిన తరవాతే వచ్చింది. అసలు కారణం సామాన్యమైనది. యుద్ధం ముగిశాక 1946లో పుట్టిన పిల్లలకు 1964లో 18 ఏళ్లు వచ్చాయి. కారు కొనేవాడు మారాడు. ఆ ఏప్రిల్‌లోనే ఫోర్డు ముస్టాంగ్ వచ్చింది. రెండేళ్లు తిరక్కుండా పది లక్షలు అమ్ముడుపోయింది. జనరల్ మోటార్స్‌లోని పాంటియాక్ శాఖ ఒక మధ్యరకం కారులో పెద్ద ఇంజను పెట్టి జీటీఓ అని వదిలింది. పొదుపు, భద్రత, నమ్మకం అనే మాటలు నాన్నగారి మాటలైపోయాయి. 1964లోనే రాంబ్లర్ అమ్మకాలు దిగటం మొదలైంది. 1967లో కంపెనీకి వచ్చిన నష్టం 7 కోట్ల 50 లక్షల డాలర్లకు పైమాటే.

ఈ అంకెను కంపెనీ అంకెగా చూసి సంతోషించేవారుంటారు. నేను సంతోషించలేను. విస్కాన్సిన్ రాష్ట్రంలో కెనోషా అని ఒక ఊరు. ఊరికి అన్నం పెట్టేది ఆ ఫాక్టరీయే. అక్కడి కార్మిక సంఘం బలమైన సంఘం. కార్లు అమ్ముడుపోకపోతే మొదట ఇంటికి పోయేది డైరెక్టర్లు కాదు. నీతివాక్యాన్ని నిలబెట్టుకోవటానికి కెనోషా కార్మికుడు ఉద్యోగం పోగొట్టుకోవాలా? ఈ ప్రశ్నను ఎవరూ బయటికి అడగలేదు గాని, జవాబు మాత్రం తొందరగానే వచ్చింది.

1967 మొదట్లో కంపెనీకి కొత్త యాజమాన్యం వచ్చింది. న్యూయార్కులో అప్పుడు పేరు పొందుతున్న వెల్స్, రిచ్, గ్రీన్ అనే ప్రకటనల సంస్థను పెట్టుకున్నారు. వాళ్లు చేసిన మొదటి ఘనకార్యాల్లో ఒకటి, జావెలిన్ అనే కొత్త కారు గొప్పతనం చూపించటానికి ముస్టాంగ్‌ను సుత్తులతో బాదించటం. అప్పటిదాకా అమెరికా వ్యాపార ప్రకటనల్లో పోటీదారు పేరెత్తటమే మర్యాద కాదు. 1968 ఫిబ్రవరిలో ఏఎంఎక్స్ అనే రెండు సీట్ల కారు వచ్చింది. గంటకు 600 మైళ్లు దాటి నేలమీద వేగపు రికార్డు పెట్టిన క్రెయిగ్ బ్రీడ్‌లవ్ చేత టెక్సస్‌లో ఆ కారును రాత్రింబవళ్లు తిప్పించి 106 రికార్డులు రాయించుకున్నారు. అదే ఏడు జావెలిన్‌ను ట్రాన్స్-ఆమ్ పందాల్లో దించారు. 1970లో రోజర్ పెన్స్కీ జట్టునూ, మార్క్ డానహ్యూ అనే డ్రైవరునూ తెచ్చుకున్నారు. 1971లో పతకం కొట్టారు. పందెపు నిబంధనల ప్రకారం, కారు వెనక బిగించే రెక్క పందెంలో వాడాలంటే అట్లాంటి రెక్క ఉన్న కార్లు కనీసం 2,500 జనానికి అమ్మాలి. అందుకని డానహ్యూ సంతకంతో 2,501 కార్లు చేశారు. మార్కెట్టు నుంచి కూరలు తెచ్చుకోవటానికి పోయే కారుకు గంటకు నూటయాభై మైళ్ల వేగంలో పనికివచ్చే రెక్క ఎందుకంటే ఇందుకు.

పందాలు, ప్రకటనలు ఇట్లా ఉండగా, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మూడవది. ‘గ్రూప్ 19’ అనే పేరుతో కంపెనీ ఒక విడిభాగాల జాబితా అచ్చువేసింది. ఇంజనులోకి ఎక్కువ గాలి, పెట్రోలు పంపే గొట్టాలు, వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే కాంషాఫ్టులు, రెండేసి కార్బురేటర్లు కూర్చోబెట్టే అల్యూమినియం పోతలు, తొలి పరుగు పెంచే వెనక గేర్లు, ఇట్లాంటివన్నీ అమ్మకందారు దగ్గర బల్లమీద డబ్బు పెడితే ఇస్తారు. హడ్సన్ కాలంలో ‘కఠిన వినియోగం’ అనే ముసుగు ఉండేది. ఇప్పుడు ముసుగు లేదు.

ఈ ఏర్పాటులోని తెలివి చూడండి. ఫాక్టరీ నుంచి బయటికి వచ్చే కారు మర్యాదగానే ఉంటుంది. దాన్ని పులిగా మార్చే సామాను వేరే పెట్టెలో వస్తుంది. పెట్టె విప్పి బిగించుకునేది కొన్నవాడు. రాత్రిపూట రోడ్డుమీద ఏమైనా జరిగితే అది కొన్నవాడి చేతిపని. ఒక్క పనిని రెండు ముక్కలు చేసి, లాభమున్న ముక్క ఒకరూ బాధ్యత ఉన్న ముక్క మరొకరూ పంచుకున్నట్టు. కత్తి అమ్మినవాడు హంతకుడు కాదని వాదించవచ్చు. కాని ఈ కత్తి ఎంత బాగా తెగుతుందో రోజూ పత్రికల్లో బొమ్మలు వేయించినవాడి సంగతేమిటి?

ఇంతదాకా చెప్పటం తేలిక. కష్టం ఇక్కడినుంచే మొదలవుతుంది. ఆ పెట్టె విప్పిన కుర్రాణ్ణి ఊహించుకోండి. అతను ఏ ఫాక్టరీలోనో వారానికి అయిదురోజులు ఒకే బోల్టు బిగిస్తాడు. ఆ బోల్టు ఎందుకు బిగిస్తున్నాడో అతన్ని అడిగేవాడు లేడు, చెప్పేవాడూ లేడు. శనివారం సాయంత్రం తన షెడ్డులో, తన కారుకింద పడుకుని, తన పనిముట్లతో కాంషాఫ్టు మారుస్తాడు. అది ఎందుకు మారుస్తున్నాడో తెలుసు. వాల్వు ఎంతసేపు తెరుచుకోవాలో లెక్క కడతాడు. తప్పు చేస్తే ఇంజను పాడవుతుంది, ఒప్పు చేస్తే చెవికే తెలుస్తుంది. శ్రమ శ్రామికుడికి పరాయిది అయిపోవటాన్ని గురించి 1844లో మార్క్స్ రాసుకున్నాడు. ఆ పరాయితనం ఆ కుర్రాడికి వారం మొత్తంలో పోయేది ఈ రెండు గంటలే. మరి దీన్ని వినియోగదారుడి మోజు అని, పెట్టుబడిదారీ సంస్కృతి వెర్రి అని కొట్టేస్తే ఎట్లా? యంత్రం మీద పట్టు సాధించాలనే కోరిక చెడ్డదైతే మనం సైన్సును గురించి మాట్లాడటం మానుకోవాలి.

కంపెనీ అమ్మింది ఆ కోరికను. వారమంతా అతని చేతుల్లోంచి లాక్కున్న దాన్నే వారాంతంలో డబ్బు తీసుకుని తిరిగి ఇచ్చింది, అదీ ఇంకొకణ్ణి ఓడించటానికి మాత్రమే పనికివచ్చే రూపంలో. అదే కుర్రాడు అదే నేర్పుతో బ్రేకు బాగు చేసుకోవచ్చు. కాని బ్రేకుకు ఆ వైభవం ఎవరిస్తారు?

1972లో అమెరికా రోడ్లమీద 54 వేల మందికి పైగా చచ్చిపోయారు. అందులో ఈ సామాను వల్ల ఎందరని నేను లెక్క చెప్పబోవటం లేదు. తాగి నడిపినవాళ్లు, నిద్రపోయినవాళ్లు, చెడిపోయిన రోడ్లు అన్నీ అందులో ఉన్నాయి.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. లాభం కోసం చెప్పిన నిజం నిజమేనా?

జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో రాసిన ఒక గ్రంథంలో ఒక దుకాణదారు ఉదాహరణ ఉన్నది. అతను పసిపిల్లవాడు వచ్చినా మోసం చెయ్యడు, అందరికీ ఒకటే ధర. మంచిదే. కాని అట్లా ఉంటే వ్యాపారం బాగుంటుందని అట్లా ఉంటున్నాడేమో, కాబట్టి దాన్ని నీతి అనలేమంటాడు కాంట్. ధర్మానికి అనుగుణంగా నడవటం వేరు, ధర్మం కోసం నడవటం వేరని ఆయన వాదం. ఈ కొలబద్దతో చూస్తే రాంబ్లర్ వాక్యం తేలిపోతుంది. అయితే కాంట్ మనిషి అంతరంగం చూడమంటాడు. కంపెనీకి అంతరంగం ఎక్కడున్నది? రామ్నీకి ఉన్నది. ఇంజనీర్లకు ఉన్నది. ప్రకటన రాసిన గుమాస్తాకు కూడా ఉన్నది. వీళ్లందరినీ కలిపినా కంపెనీకి మాత్రం ఉండేది పద్దుల పుస్తకమే.

మన సాహిత్యంలో దీనికి ఇంతకంటె దగ్గర ఉదాహరణ ఉన్నది. కన్యాశుల్కంలో వితంతు వివాహం మంచిదని గిరీశం అంటాడు. సౌజన్యారావు పంతులూ అంటాడు. గిరీశం కన్ను బుచ్చమ్మ మీదా, ఆమె ఆస్తిమీదా ఉన్నది గనక వితంతు వివాహం తప్పని ఎవరమైనా అంటామా? గిరీశం చెప్పినంత మాత్రాన సంస్కరణ మైలపడదు. కాని గిరీశం మోసే సంస్కరణ ఎంతదూరం పోతుందో గురజాడ 1897లోనే అచ్చువేసి చూపించాడు. తన ప్రయోజనం ఎక్కడ ఆగితే అక్కడ దాన్ని దించేసి పోతాడు. నా విద్యార్థిని ప్రశ్నలో సగానికి జవాబు ఇందులో దొరికింది. వాక్యం నిజమే. మోసేవాడు గిరీశం.

కాని మిగిలిన సగం? గిరీశానికి బదులు సౌజన్యారావే ఆ కంపెనీకి అధిపతి అయితే? రామ్నీలో కొంత సౌజన్యారావు ఉన్నాడని నేను నమ్ముతాను. ఆయన 1967లో ఆ కుర్చీలో ఉండి, 7 కోట్ల నష్టం బల్లమీద పెట్టుకుని ఏం చేసేవాడు?

దీనికి కాంట్ దగ్గర జవాబు లేదు. మార్క్స్ దగ్గర ఉన్నది. ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో పనిదినాన్ని గురించిన అధ్యాయంలో ఒక చిన్న అడుగు గమనికలో ఒక సంగతి చెప్పాడు. 1863లో ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ ప్రాంతపు పింగాణీ కార్ఖానాల యజమానులు, మొత్తం 26 సంస్థలవారు, ప్రభుత్వానికి ఒక అర్జీ పెట్టుకున్నారు. అందులో పేరుమోసిన వెడ్జ్‌వుడ్ వారు కూడా ఉన్నారు. అర్జీ సారాంశం ఇది: పసిపిల్లల పనిగంటలు తగ్గించాలని మాకు ఉన్నది, కాని మేము మాత్రమే తగ్గిస్తే తగ్గించనివాళ్లు మమ్మల్ని తినేస్తారు, కాబట్టి అందరి చేతా తగ్గించేట్టు చట్టం చెయ్యండి. యజమానులే వచ్చి, మమ్మల్ని నిర్బంధించండి, లేకపోతే మేము మంచిగా ఉండలేమని మొరపెట్టుకున్నారు. నేను చదివిన నీతిశాస్త్ర గ్రంథాలన్నిటిలో ఇంత విలువైన సాక్ష్యం లేదు.

రాంబ్లర్ బ్రేకు సంగతి ఇదే. 1965 చివర రాల్ఫ్ నేడర్ కార్ల భద్రత మీద తన పుస్తకం అచ్చువేశాడు. జనరల్ మోటార్స్ అతని వెనక గూఢచారులను పెట్టి, పట్టుబడి, సెనేట్ ముందు క్షమాపణ చెప్పుకున్నది. 1966లో భద్రతా చట్టం వచ్చింది. 1968 జనవరి నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారుకూ బ్రేకు రెండు భాగాలుగా ఉండాలన్నారు. రాంబ్లర్ ఆరేళ్లు మోసింది ఒక్క కలంపోటుతో అందరి నెత్తినా పడింది. ఆ తరవాత ఏ కంపెనీ బ్రేకును గురించి నీతులు చెప్పలేదు, చెప్పవలసిన పనీ లేకపోయింది. వేగాన్ని గురించి అట్లాంటి చట్టం రాలేదు. ఆ వేపున మాత్రం సద్బుద్ధి మీద వదిలేశారు. సద్బుద్ధి ఎంతకాలం నిలిచిందో మనం చూశాం. ఆ కార్ల వేడి చివరికి ఎట్లా తగ్గిందంటే, ఇన్సూరెన్సు కంపెనీలు కుర్రవాళ్ల దగ్గర ప్రీమియం విపరీతంగా పెంచాయి, 1970లో పొగకు కొత్త చట్టం వచ్చింది, 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపాయి. వెంటనే అమెరికన్ మోటార్స్ చిన్న కారు, పొదుపు కారు అని మళ్లీ పాత పాట అందుకున్నది. పందాలను కూడా వెంటనే వదల్లేదు సుమా. 1975 దాకా మాటడార్ అనే కారుతో నాస్కార్‌లో పరుగెత్తుతూనే ఉన్నది. పొదుపు ఒక పేజీలో, వేగం ఎదుటి పేజీలో.

వ్యవస్థే మూలమని తేలింది గదా, ఇక వ్యక్తుల్ని ఏమీ అనరాదని మన మిత్రులు కొందరంటారు. పెట్టుబడిదారును అతని సంబంధాలకు బాధ్యుణ్ణి చెయ్యనని మార్క్స్ ‘పెట్టుబడి’ పీఠికలో రాశాడని గుర్తుచేస్తారు. ఆ మాట పట్టుకుని నేను చాలాకాలం నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడు ఉండలేకపోతున్నాను. ఆ 26 సంస్థల యజమానులు అర్జీ అయినా పెట్టుకున్నారు. 1966లో చట్టం వస్తున్నప్పుడు, మానవజాతి మేలే తమకు కావాలన్న కంపెనీ, వేగపు ప్రకటనలను కూడా చట్టంతో కట్టెయ్యండని అడగవచ్చు గదా? తన మాట తానొక్కడే నిలబెట్టుకోలేనివాడు ఆ మాటను అందరిచేతా నిలబెట్టించమని అడగవచ్చు. అడిగితే పద్దుల పుస్తకంలో దమ్మిడీ నష్టం లేదు. అంతమాత్రపు చోటు వ్యవస్థ లోపల కూడా వ్యక్తికి ఉన్నది. నేను తప్పు పట్టేది ఆ చోటును వాడుకోకపోవటాన్ని. పందెంలోకి దిగటాన్ని కాదు.

1970లో అదే కంపెనీ అమ్మిన ‘ది మెషీన్’ అనే కారు ప్రకటన చూస్తే నాకు కొంచెం నవ్వూ కొంచెం జాలీ కలుగుతాయి. ఈ కారు ఫలానా పెద్ద ఇంజన్ల కార్లంత వేగంగా పోదు, కాని ఫోక్స్‌వాగన్ కంటె, నెమ్మదిగా పోయే గూడ్సు బండి కంటె, మీ నాన్న కాడిలాక్ కంటె వేగంగా బయలుదేరుతుందని అందులో రాశారు. ఇది నిజమే. వ్యాపార ప్రకటనల్లో ఇంత ముక్కుసూటి నిజం అరుదు. కాని నిజం కూడా ఒక వేషమైపోయింది. 1964లో మంచితనం అమ్మారు, 1970లో నిజాయితీ అమ్మారు.

డానహ్యూ ఇంజనీరింగు చదువుకున్నవాడు. కారును గెలిపించటం అతనికి లెక్కల సమస్య. 1973 జనవరిలో రివర్‌సైడ్‌లో మాటడార్‌తో పందెం గెలిచాడు. 1975 ఆగస్టులో ఆస్ట్రియాలో, వేరే కంపెనీ కారుతో అభ్యాసం చేస్తూ ప్రమాదంలో దెబ్బతిని చచ్చిపోయాడు. కంపెనీ 1987లో క్రైస్లర్ పాలబడింది. మరుసటి సంవత్సరం డిసెంబరులో కెనోషాలో కార్లు తయారు చెయ్యటం ఆపేశారు. వేలమందికి పని పోయింది. ఆ కార్మికులు నీతివాక్యం కాలంలోనూ పనిచేశారు, పావుమైలు కాలంలోనూ పనిచేశారు. రెంటిలో దేన్ని గురించీ వాళ్లను ఎవరూ అడగలేదు.

తరవాతి వారం క్లాసులో నేను ఆ అమ్మాయికి నా జవాబు తప్పని చెప్పాను. గిరీశం సంగతీ, పింగాణీ యజమానుల సంగతీ చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. ‘‘మరి మాస్టారూ, మన సంఘాల్లో పుస్తకాలు అమ్ముడుపోయినన్నాళ్లు ఒక మాట, పోనన్నాళ్లు ఇంకో మాట అనేవాళ్లు లేరా?’’ అన్నది. లేరని నేననలేదు. మన పత్రికల పాత సంపుటాలు తిరగేసినవారికి తెలుసు, ఏ సభలో ఏ తీర్మానం చప్పట్లు తెచ్చిందో, చప్పట్లు ఆగిన తరవాత ఆ తీర్మానం ఏ బీరువాలోకి పోయిందో. నాది కూడా ఒకటి ఆ బీరువాలో ఉన్నది. దాన్ని గురించి వేరే రాయాలి.

బెల్లు కొట్టాక ఆమె 1969 నాటి రాంబ్లర్ బొమ్మను మళ్లీ తీసుకుని చూసింది. ఇంజను మూతమీది బాణం, ‘ఎయిర్’ అనే అక్షరాలు, మూడు రంగులు. ‘‘ఇందులో బ్రేకు ఎట్లాంటిది?’’ అని అడిగింది. రెండు గదులదే అన్నాను. చట్టం వచ్చి అప్పటికి సంవత్సరం దాటింది. పెట్టటమా మానటమా అని ఆ ఏడు కంపెనీని ఎవరూ అడగలేదు.